వేల పక్షులు ఒక్కసారిగా ఎలా మలుపు తిరుగుతాయి?

ప్రశ్న: సాయంత్రం ఆకాశంలో ఎగిరే పెద్ద పక్షుల గుంపు ఉన్నట్టుండి ఒకే ప్రాణిలాగా దిశ మార్చుకుంటుంది. వాటిని నడిపించే పక్షి ఏదైనా ఉంటుందా? ఉంటే, దాని సంకేతం గుంపు చివరన ఉన్న పక్షికి అంత త్వరగా ఎలా అందుతుంది?

జవాబు: మీకు కలిగిన ఆశ్చర్యం పాతదే. 1931లో ఎడ్మండ్ సెలూస్ అనే బ్రిటిష్ పక్షి పరిశీలకుడు, ఇది పక్షుల మధ్య జరిగే ఆలోచనా ప్రసారమేమోనని అనుమానించాడు. నిజానికి అంత దూరం పోనక్కరలేదు.

గోరింకల కుటుంబానికే చెందిన స్టార్లింగ్ పక్షుల గుంపులను ఇటలీ భౌతిక శాస్త్రవేత్తలు రోమ్ నగరంలో కెమెరాలతో చిత్రీకరించి, ఒక్కొక్క పక్షి స్థానాన్నీ లెక్కగట్టారు. ప్రతి పక్షీ, పొరుగు పక్షులు ఎంత దూరాన ఉన్నా సరే, తనకు అందరికంటే దగ్గరగా ఉన్న ఆరేడింటిని మాత్రమే అనుసరిస్తుందని 2008లో తేల్చారు. గుంపు పలచబడినా ఈ బంధం తెగకపోవడానికి కారణం ఇదే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పక్షి చేసేదల్లా పొరుగువాటి దిశల సగటును అందుకోవడమే అయితే, మలుపు వార్త లోహపు కడ్డీలో వేడి పాకినట్టు పాకాలి. అంటే రెట్టింపు దూరానికి నాలుగు రెట్ల సమయం పట్టాలి, పైగా ఆ నోటా ఈ నోటా పడిన మాటలాగా పోనుపోను బలహీనపడాలి. 2014లో వెలువడిన కొలతల్లో మాత్రం ఆ వార్త దాదాపు ఏమాత్రం సన్నగిల్లకుండా, సెకనుకు 20 నుంచి 40 మీటర్ల స్థిరవేగంతో సాగిపోయింది. నాలుగు వందల పక్షుల గుంపంతటికీ చేరడానికి అర సెకనుకు కాస్త ఎక్కువ పట్టిందంతే. పొరుగు పక్షుల ప్రభావం ఒక పక్షి దిశను నేరుగా మార్చదనీ, అది మలుపు తిరిగే వేగాన్ని మారుస్తుందనీ, ఒకసారి మొదలైన ఆ తిరుగుడుకు జడత్వం వంటిది ఉంటుందనీ భావిస్తే, లెక్కల్లో తరంగ సమీకరణమే, అంటే అల స్థిరవేగంతో సాగిపోవడాన్ని వర్ణించే సూత్రమే, వస్తుంది. అతిశీతల స్థితిలో ఘర్షణ లేకుండా ప్రవహించే హీలియంకు వర్తించే గణితం కూడా ఇటువంటిదే కావడం ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన మలుపు. గుంపులో దిశల పొందిక ఎంత ఎక్కువగా ఉంటే వార్త అంత వేగంగా పోతుందని ఈ సిద్ధాంతం చెప్పింది; కొలతలూ దానితో ఏకీభవించాయి.

ఇక నాయకత్వం మాట. మలుపు సాధారణంగా గుంపు అంచున దగ్గరదగ్గరగా ఉన్న కొన్ని పక్షులతో మొదలవుతుంది. కవాతు వరుస తిరిగేటప్పుడు బయటి చివరన ఉన్నవారు వేగం పెంచుకోవాలి. ఈ పక్షులు మాత్రం ఏదీ తన వేగం మార్చుకోకుండా, అన్నీ ఒకే వ్యాసార్ధపు వంపులో తిరుగుతాయి. కాబట్టి గుంపు పక్కకు పూర్తిగా మళ్లేసరికి, ముందు వరుసలో ఉన్నవి పక్కభాగానికి చేరి, ముందుచోటు వేరే పక్షులకు దక్కుతుంది.