తాతగారి ఫోనోగ్రాఫ్ అమ్మేముందు ఆ సిలిండర్లు చూడండి

పర్లాకిమిడిలో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటకమీద తాతగారి ఎడిసన్ ఫోనోగ్రాఫ్ (పాత పాటల మిషన్), పద్నాలుగు సిలిండర్లు (దానికి తొడిగే, లోపల బోలుగా ఉండే రికార్డులు) దొరికాయని రాశారు. ఒక వ్యాపారి మొత్తం కలిపి ఇరవై వేలకి అడుగుతున్నాడు, ఇచ్చేయమంటారా అని మీ ప్రశ్న.

నాది బరంపురం. పన్నెండేళ్లుగా ఈ మిషన్లు కొంటున్నాను, బాగుచేసుకుంటున్నాను. నా మాట వినండి, ఇప్పుడే ఇవ్వకండి. ముందు ఆ పద్నాలుగింటినీ ఒక్కొక్కటిగా వెలుతుర్లో చూడండి.

పళ్లెం రికార్డులు వేసే గ్రామఫోన్‌తో పాట వినడమే కుదురుతుంది. ఫోనోగ్రాఫ్ అలా కాదు, ఖాళీ మైనపు సిలిండర్ తొడిగితే ఇంట్లోవాళ్ల గొంతు కూడా పట్టుకుంటుంది. ఆ సిలిండర్‌కి రెండో కాపీ ఎక్కడా ఉండదు.

నేను మొదలుపెట్టిన ఏడాది గుణుపురంలో పాత సామాన్ల కొట్టులో ఎడిసన్ స్టాండర్డ్ అనే రకం ఫోనోగ్రాఫ్ ఒకటి కొన్నాను. దాంతోపాటు పేరేమీ లేని గోధుమరంగు సిలిండర్ ఒకటి వచ్చింది. ఇంటికొచ్చి కీ ఇచ్చి పెట్టాను. గరగరల మధ్య ఒక ఆడమనిషి గొంతు, తెలుగులో, ఎవరో పిల్లాణ్ణి పిలుస్తున్నట్టు "రా బాబూ, రా" అని వినపడింది. ఒళ్లు జలదరించింది. మా అమ్మకి వినిపించాను, తర్వాత పక్కింటివాళ్లకి. మిషన్‌కి ఉన్న రీప్రొడ్యూసర్ (సూది, పొర ఉండే గుండ్రటి భాగం) నాలుగు నిమిషాల సిలిండర్లదని అప్పట్లో నాకు తెలీదు. దాని సన్న మొన ఆ మెత్తటి మైనాన్ని దున్నేసింది. ఐదోసారికి గరగరే మిగిలింది. ఫోన్‌లో రికార్డు చేసుకోవాలని కూడా తోచలేదు. ఆవిడ ఎవరో ఇక ఎవరికీ తెలీదు. ఆ బాధ నాకిప్పటికీ పోలేదు.

అందుకే చెప్తున్నాను. గోధుమరంగువి మెత్తటి మైనం, వాటిని అసలు మిషన్‌కి ఎక్కించకండి. 1902 నుంచి వచ్చిన నల్లవి అచ్చుపోసినవి, కొంచెం గట్టివి, రెండు నిమిషాలు పాడతాయి. 1908లో అంబెరాల్ అనే నాలుగు నిమిషాల సిలిండర్ వచ్చింది. అంగుళానికి వంద గీతలుండే చోట రెండు వందలు, అందుకే వాటికి వేరే సూది. నీలంరంగువి 1912 నాటి బ్లూ అంబెరాల్. పైన సెల్యులాయిడ్, లోపల ప్లాస్టర్. మన సముద్రపు గాలికి ఆ ప్లాస్టర్ ఉబ్బి, సిలిండర్ మిషన్‌లో తిరిగే గొట్టం మీదికి ఎక్కదు. బలవంతంగా తోస్తే పగులుతుంది. ఈ నీలంవాటికి వాడే వజ్రపు సూదిని మైనం మీద ఎప్పుడూ పెట్టకండి.

పట్టుకునేటప్పుడు రెండు వేళ్లు లోపల పెట్టి, విప్పి పట్టుకోండి. పైభాగం ముట్టుకోవద్దు. తెల్లటి మచ్చలుంటే అది బూజు. మైనాన్ని తినేస్తుంది, తినేసిన చోట శబ్దం తిరిగి రాదు. తడిగుడ్డ పెట్టకండి. పెట్టెల్లోని పాత దూది చెమ్మ పట్టి ఉంటే తీసేసి, సిలిండర్లని నిలబెట్టి, నీడలో ఉంచండి. మన ఎండాకాలంలో పడుకోబెడితే వంగిపోతాయి.

సామాన్లలో గుండ్రటి భాగాలు రెండు కనిపిస్తే మరీ జాగ్రత్త. రెండోది రికార్డర్ అయ్యుండొచ్చు. దానికుండేది కోసే మొన. పొరపాటున పాత రికార్డింగ్ మీద పెడితే దాన్ని చెక్కేస్తుంది.

మిషన్ సంగతికొస్తే, కీ పూర్తిగా బిగించకండి. లోపల గ్రీజు గట్టిపడి ఉంటుంది, స్ప్రింగ్ దబ్‌మని కొట్టుకుంటుంది. శుభ్రం చేయించాక, సిలిండర్ లేకుండా, తిరిగే గొట్టానికి చిన్న కాగితం ముక్క అంటించి లెక్కపెట్టండి. అర నిమిషంలో ఎనభై చుట్లు, అంటే నిమిషానికి 160 తిరిగితే వేగం సరిగ్గా ఉన్నట్టే. పెట్టెకి వార్నిష్ కొట్టించొద్దు, బూరకి పాలిష్ పెట్టించొద్దు. అసలైన రీప్రొడ్యూసర్, కీ తిప్పే పిడి, చెక్క మూత, నంబరు పలక ఉన్నాయా అని చూడండి, విలువంతా వాటిలోనే ఉంది. స్టాండర్డ్‌తో మొదట్లో వచ్చిన బూర పద్నాలుగు అంగుళాలదే. ఇప్పుడు కొట్లలో మెరిసే పెద్ద ఇత్తడి బూరలు చాలావరకు కొత్తగా చేసినవి.

మీ వ్యాపారి విదేశాలకి పంపుతానంటే మాత్రం ఒప్పుకోకండి. నూరేళ్లు దాటిన పురావస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదని 1972 చట్టం ఉంది.

అచ్చుపోసిన సిలిండర్ల అంచు మీద పేరు, నంబరు ఉంటే శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సిలిండర్ ఆర్కైవ్‌లో వెతకండి. పది వేలకి పైగా అక్కడ ఉచితంగా వినొచ్చు. అవే దొరికితే మీ కాపీని అరగదీయక్కర్లేదు. నూరేళ్ల కిందట కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ అనే వ్యాపారవేత్త తీసిన సిలిండర్ ఒక్కటి తేలినా ఇరవై వేల మాట మర్చిపోండి, అవి చాలా అరుదు.

పేరు లేనివి ఏవైనా ఉంటే పక్కన పెట్టి, అంచు కనపడేలా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. సూది తాకకుండా కాంతితో గీతలు చదివే పద్ధతి ఉంది, అమెరికాలో బర్క్‌లీ ప్రయోగశాలలో తయారైంది. అది మనకి అందేదాకా వాటిని మోగించొద్దు.