పందెం చిన్నదే, మరి దాపరికం ఎందుకు?

మీకు 24 ఏళ్లని, ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నెలకొకసారి కాసినోకు వెళ్తున్నారని, వినోదానికని పక్కన పెట్టుకున్న చిన్న మొత్తంతోనే ఆడుతున్నారని, ఎవరి దగ్గరా అప్పు చేయలేదని రాశారు. గత నెల మాత్రం ఆ మొత్తం అయిపోయాక పొదుపు ఖాతాలోంచి మరికొంత తీసి అదీ పోగొట్టుకున్నారు. అమ్మగారు అడిగితే ఆఫీసులో పని పడిందని చెప్పారు. ఇది వ్యసనమేనా, కాకపోతే తక్కువ డబ్బుతో ఎక్కువసేపు ఆడడం ఎలా అన్నవి మీ ప్రశ్నలు. రెండోదానికి ముందు జవాబిస్తాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు కొంత అందులోనే ఉంది.

రూలెట్‌లో తిరిగే చక్రం మీది ఎరుపు, నలుపు రంగుల అంకెల గడుల్లో బంతి ఎక్కడ ఆగుతుందో అని పందెం కాస్తారు. ఒకే సున్నా ఉన్న చక్రంలో 37 గడులుంటాయి, కానీ మీరు ఎంచుకున్న అంకె పడితే వచ్చే లాభం పందేనికి 35 రెట్లే. ఈ తేడా వల్ల పెట్టిన పందేలన్నిటి మీద సగటున 2.7 శాతం నిర్వాహకులకు మిగులుతుంది. రెండు సున్నాలున్న చక్రంలో అది 5.26 శాతం. వందకు మూడు కూడా పోదు కదా అని చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ శాతం మీరు జేబులో తెచ్చుకున్న డబ్బు మీద కాదు, గెలిచిన దాన్ని మళ్లీ ఒడ్డడంతో సహా మీరు పెట్టే ప్రతి పందెం మీదా వర్తిస్తుంది. గంటకు 40 సార్లు తిరిగే చక్రం మీద ఒక్కో చిప్పు (డబ్బుకు బదులుగా కాసినోలో వాడే బిళ్ల) చొప్పున పెడితే సగటున గంటకు ఒక చిప్పు కాస్త దాటి పోతుంది. అదే విలువతో స్లాట్ మెషీన్ మీట ఆరు సెకన్లకొకసారి నొక్కితే గంటలో 600 పందేలవుతాయి, నిర్వాహకుల వాటా ఎనిమిది శాతం అనుకుంటే 48 చిప్పులు పోయినట్టే. కాబట్టి మీ బడ్జెట్‌ను తినేది పందెం పరిమాణం ఒక్కటే కాదు, ఆట వేగం కూడా. పైగా ఆ మెషీన్ పది తీసుకుని మూడు తిరిగిచ్చినప్పుడు కూడా దీపాలు వెలిగించి సంగీతం మోగిస్తుంది, ఏడు పోయిన సంగతి ఆ సందడిలో తట్టదు.

గత నెల రాత్రి విషయానికి వస్తే, ఇన్నిసార్లు పోయింది కాబట్టి ఇక రావాలి అనిపించిందని రాశారు. 1913లో మాంటే కార్లో కాసినోలో రూలెట్ బంతి వరుసగా 26 సార్లు నలుపు మీదే పడింది. ఇక ఎరుపు రాక తప్పదని పందేలు పెంచుకుంటూ పోయిన వారు ఆ రాత్రి భారీగా నష్టపోయారు. వెనకటి ఆట ఎలా ముగిసిందో చక్రానికి తెలియదు, గుర్తు పెట్టుకునేది మనమే.

ఇక వ్యసనమా అన్న ప్రశ్న. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో సవరించిన నిర్ధారణ గ్రంథంలో జూదాన్ని మత్తు పదార్థాల సమస్యలున్న విభాగంలోనే చేర్చి తొమ్మిది లక్షణాలు ఇచ్చింది. పన్నెండు నెలల కాలంలో వాటిలో కనీసం నాలుగు కనిపిస్తే రుగ్మతగా పరిగణిస్తారు. ఎంత డబ్బు పోయిందన్నది వాటిలో లేదు. పోయినదాన్ని రాబట్టుకోవాలని మళ్లీ ఆడడం, ఆట సంగతి దాచడానికి అబద్ధమాడడం మాత్రం ఉన్నాయి. ఒక్క రాత్రి జరిగినదాన్ని బట్టి మీకు ఆ పేరు తగిలించను, ఉత్తరం చదివి చేయదగిన నిర్ధారణ కూడా కాదది. కానీ నిజాయితీగా చెప్పాలంటే, ఖాతాలోంచి తీసిన డబ్బుకన్నా ఆఫీసు పని అన్న మాటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. సినిమాకు వెళ్లి వస్తే మీరు అలా చెప్పరు.

మూడు నెలలు పూర్తిగా మానేసి చూడండి, ఫోన్‌లో ఆడేవాటితో సహా. ఆ రోజుల్లో చిరాకు, ఆడాలన్న తహతహ, లెక్కలు వేసుకుంటూ గడపడం కనిపిస్తే మానసిక వైద్యుణ్ణి గానీ వ్యసన చికిత్సలో అనుభవమున్న కౌన్సెలర్‌ను గానీ కలవండి. జూదం మానాలనుకునేవారు కలిసి ఒకరికొకరు తోడ్పడే గ్యాంబ్లర్స్ అనానిమస్ బృందాలు 1957లో లాస్ ఏంజెలెస్‌లో మొదలై ఇప్పుడు అనేక దేశాల్లో ఉన్నాయి, మిమ్మల్ని లోపలికి రానివ్వవద్దని మీరే రాసిచ్చే ఏర్పాటు కూడా చాలా కాసినోల్లో ఉంది. ఆ మూడు నెలలు మామూలుగా గడిచి, మళ్లీ వెళ్లాలనుకుంటే కార్డు, ఫోన్‌లో చెల్లింపు యాప్ రెండూ అందుబాటులో లేకుండా నగదుతోనే వెళ్లండి. నెమ్మదిగా సాగే బల్ల దగ్గర కూర్చోండి. వెనక్కి వచ్చే వేళ ముందే ఒకరికి చెప్పండి, మద్యం తాగి ఆడకండి.

అమ్మగారితో మాట్లాడడం మాత్రం మూడు నెలలు ఆగనక్కర్లేదు. ఆవిడకు శాతాలన్నీ వివరించి ఒప్పించే ప్రయత్నం చేయకండి, అది వాదనగా మారుతుంది. ఆ రోజు ఎక్కడికి వెళ్లారో, ఖాతాలోంచి ఎంత తీశారో, ఇప్పుడు ఏం చేయదలచుకున్నారో చెప్పి, ఆవిడ కోపాన్ని మధ్యలో ఆపకుండా వినండి. ఆ పొదుపు ఖాతా మీద కొన్నాళ్లు ఆవిడ కన్ను ఉండేలా మీ అంతట మీరే అడిగితే మరీ మంచిది.