గ్రాడ్యుయేషన్ ఫొటో వేరు, డిప్లొమా వేరు

ప్రశ్న: మేము టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటాం, హెచ్-1బీ మీద. బాబుకి 14 ఏళ్లు, ఆటిజం ఉంది. పబ్లిక్ స్కూల్లో 8వ తరగతి. లెక్కల్లో 90కి తగ్గడు. కానీ ఒక్కడే వెళ్లి శాండ్‌విచ్ కొనుక్కోలేడు. అడిగిన బ్రెడ్ అయిపోయిందంటే కౌంటర్ దగ్గరే బిగుసుకుపోతాడు. మొన్న ఆర్డ్ మీటింగ్‌లో (స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లల చదువు గురించి స్కూలు, తల్లిదండ్రులు కలిసి నిర్ణయించే కమిటీ) హైస్కూల్ తర్వాత 18 ప్లస్ ప్రోగ్రామ్ ఉంటుందన్నారు. అది చదువు రాని పిల్లలకి, మనవాడు అందరితోపాటు డిప్లొమా తీసుకుని కంప్యూటర్ సైన్స్ చేస్తాడని మావారు అంటున్నారు. నేనేమీ మాట్లాడలేక సంతకం పెట్టి వచ్చేశాను. ఇప్పుడేం చేయాలి?

జవాబు: అమ్మా, సంతకం గురించి టెన్షన్ పడకండి. ఆర్డ్ మీటింగ్ ఏడాదికొకసారి ఎలాగూ పెట్టాలి, ఈలోపు ఇంకొకటి కావాలని మీరు ఎప్పుడైనా అడగవచ్చు. అడిగేది మాత్రం ఈమెయిల్‌లో అడగండి. ఈ రాష్ట్రంలో 2004 నుంచి స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు మొత్తం విద్యార్థుల్లో 8.5 శాతం దాటితే ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి తనిఖీలో మార్కులు తగ్గే పద్ధతి ఉండేది. దాంతో అవసరమున్న పిల్లలకీ సేవలు దక్కలేదు. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక బయటపెట్టాక, 2017లో ఎత్తేశారు. అందుకే నోటిమాటని నమ్ముకోవద్దంటాను.

మనవాళ్లకి టీచర్ ఎదుట కాదనడం అమర్యాద అనిపిస్తుంది. తలూపి, ఇంటికొచ్చి బాధపడతాం. ఆ గదిలో మీరు చుట్టపుచూపుగా వచ్చినవారు కాదు, కమిటీలో సభ్యురాలు. ఒప్పుకోనని చెబితే మీటింగ్ ఆపి, 10 స్కూలు రోజుల్లోపు మళ్లీ కూర్చునే అవకాశం ఇవ్వాలి. తెలుగు దుభాషి కావాలంటే ఖర్చు స్కూల్‌దే.

ఇక అసలు విషయం. మీవారి మాటలో సగం నిజం ఉంది, బాబు కంప్యూటర్ సైన్స్ చదవచ్చు. కానీ సిలబస్ తగ్గించకుండా అందరితో సమానంగా పూర్తి చేసి డిప్లొమా చేతికి తీసుకున్న రోజు, స్కూల్ ఇచ్చే ప్రత్యేక సేవలన్నీ ఆగిపోతాయి. మళ్లీ వెనక్కి రాలేరు. తీసుకోకపోతే టెక్సస్‌లో సెప్టెంబర్ 1 నాటికి 21 ఏళ్లున్నవారికి కూడా ఆ విద్యా సంవత్సరం చివరిదాకా ఉచితంగా ఉంటాయి. 18 ప్లస్ అంటే ఇదే: బస్సెక్కడం, డబ్బు లెక్క చూసుకోవడం, పనిచోట నలుగురితో మెలగడం. చదువు రానివాళ్లకే అనుకోవడం పొరపాటు. మీరు రాసిన బ్రెడ్ సంగతి ఆల్జీబ్రాతో తీరదు కదా.

కాలేజీలో ఐఈపీ (ఒక్కో పిల్లవాడికి విడిగా స్కూల్ రాసిచ్చే ప్రత్యేక విద్యా ప్లాన్) ఉండదు. పరీక్షకి అదనపు సమయం లాంటివి ఉంటాయి, కానీ ఆఫీసుకి వెళ్లి అతనే అడగాలి. మీరు ఫోన్ చేస్తే అతని రాతపూర్వక అనుమతి లేనిదే చాలాచోట్ల నోరు విప్పరు.

"మరి అందరూ టోపీ, గౌను వేసుకుంటే మావాడు ఇంట్లో కూర్చోవాలా?" అని చాలామంది తల్లులు అడుగుతారు. అక్కర్లేదు. నాలుగేళ్ల హైస్కూల్ పూర్తయితే, ఐఈపీ ఇంకా మిగిలి ఉన్నా, తోటివాళ్లతో వేదిక ఎక్కే హక్కు టెక్సస్ చట్టమే ఇచ్చింది. డిప్లొమా తర్వాత తీసుకోవచ్చు. ఇండియాలో నానమ్మకి పంపే ఫొటో మాత్రం ఆ రోజే వస్తుంది. క్రెడిట్లు ముందే పూర్తయ్యేలా ఉంటే డిప్లొమా ఎప్పుడన్నది ఇప్పటి నుంచే ఆర్డ్‌లో మాట్లాడుకోండి, 12వ తరగతి చివర్లో కాదు.

హైస్కూల్ తర్వాతి జీవితానికి ప్లాన్ వేయడం ఫెడరల్ చట్టం ప్రకారం 16 ఏళ్లకి, టెక్సస్‌లో 14కే మొదలవ్వాలి. అంటే మీకిది ఆలస్యం కాదు, సరైన సమయం. "స్వతంత్రంగా ఉండటం నేర్చుకుంటాడు" అని రాస్తే ఒప్పుకోకండి, దాన్నెవరూ కొలవలేరు. ఇలా రాయమనండి: "తను అడిగింది లేకపోతే, ఎవరూ సాయం చేయకుండా ఇంకొకటి ఎంచుకుని ఆర్డర్ పూర్తి చేస్తాడు, 5సార్లలో 4సార్లు." ఎవరు నేర్పుతారు, వారానికి ఎన్ని నిమిషాలు, ఎక్కడ అన్నదీ పక్కనే ఉండాలి. స్కూల్ క్యాంటీన్‌లో ఒక్కచోటే సరిపోదు, బయట కొట్లోనూ చేయించమనండి.

వీసా సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. స్కూల్ సేవలకి వీసాతో పని లేదు. కానీ హెచ్-4 (హెచ్-1బీ వారి పిల్లలకిచ్చే డిపెండెంట్ వీసా) మీద బాబు జీతం వచ్చే పని చేయకూడదు, 21 నిండితే సాధారణంగా ఆ డిపెండెంట్ హోదా పోతుంది. 18 ప్లస్ ముగిసేదీ దాదాపు అప్పుడే. రెండు గడువులూ ఒకే కాగితం మీద రాసుకుని ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. గ్రీన్‌కార్డు వరుసలో ఎక్కడున్నారో చూడకుండా 18 తర్వాతి ప్లాన్ ఖాయం చేయవద్దు.

18 నిండగానే చదువుకి సంబంధించిన నిర్ణయాల హక్కు మీ నుంచి అతనికి వెళ్తుంది. వెంటనే కోర్టుకెళ్లి గార్డియన్‌షిప్ (అతని బదులు మీరే నిర్ణయించే హక్కు) అడగక్కర్లేదు. నిర్ణయం అతనిదే అయి, మీరు పక్కనుండి సాయపడే ఒప్పందానికి టెక్సస్ 2015లోనే చట్టం చేసింది. దాన్ని ముందు చూడండి.

వచ్చే మీటింగ్‌కి బాబుని పిలవడం స్కూల్ బాధ్యత, ఎందుకంటే మాట్లాడేది అతని భవిష్యత్తు గురించి. మీరూ తీసుకెళ్లండి. ముందురోజు రాత్రి ఒక చీటీ మీద ఒక్క వాక్యం రాసివ్వండి: "బ్రెడ్ లేకపోతే ఏం చేయాలో నాకు నేర్పండి." చదవగలిగితే అతనే చదువుతాడు. చదవలేకపోతే టేబుల్ మీద పెట్టి, మీవారికి, టీచర్‌కి చూపించమనండి.