వైశాఖం పెళ్లి, మారిషస్ ప్రయాణం: సాహితికి పెద్దమ్మ ఉత్తరం

చి.ల.సౌ. సాహితికి,

పెద్దమ్మ ఆశీస్సులు. వైశాఖంలో ముహూర్తం కుదిరిందని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. హనీమూన్‌కి మాల్దీవులా, మారిషసా, బోరా బోరానా అని నువ్వూ కాబోయే అల్లుడుగారూ తేల్చుకోలేకపోతున్నారట. చాలామంది ఫొటోలు చూసి ద్వీపాన్ని ఎంచుకుని, ఆ తర్వాత అక్కడి వాతావరణం సంగతి ఆలోచిస్తారు. వరస తిరగేయండి. మీ పెళ్లి ఏ మాసంలో ఉందో చూసుకుంటే ఏ ద్వీపానికి వెళ్లాలో సగం అక్కడే తేలిపోతుంది.

పసిఫిక్ మహాసముద్రంలో ఎక్కడో ఉన్న బోరా బోరాను ముందే పక్కన పెట్టండి. హైదరాబాద్ నుంచి రెండు మూడు విమానాలు మారి తాహితీ చేరాక, అక్కడ ఇంకో చిన్న విమానం ఎక్కాలి. అమెరికా మీదుగా వెళ్తే ఆ దేశపు ట్రాన్సిట్ వీసా కూడా కావాలి. పది రోజుల సెలవులో రానూపోనూ ప్రయాణానికే మూడు రోజులు పోతాయి.

ఇక మాల్దీవులు, మారిషస్. మాల్దీవుల్లో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి వాతావరణం. మే నుంచి నైరుతి గాలులు, వానలు. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి అక్కడి రుతువులు మనకు తలకిందులు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వేడీ వానలూ, మే నుంచి అక్టోబరు దాకా చల్లటి పొడి వాతావరణం. తుపాను కాలం నవంబరు 1 నుంచి మే 15 దాకా అయినా, అసలు భయం జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. 2024 జనవరిలో బెలాల్ తుపానుకు రాజధాని పోర్ట్ లూయీ వీధులు నీట మునిగాయి, విమానాశ్రయం మూసేశారు. మాఘం, ఫాల్గుణంలో పెళ్లి చేసుకున్నవాళ్లు వెంటనే మారిషస్ వెళ్తే సరిగ్గా ఆ నెలల్లోకే అడుగుపెడతారు. వాళ్లకు మాల్దీవులు మేలు. వైశాఖం, జ్యేష్ఠం పెళ్లిళ్లకు మారిషస్ మేలు. కార్తీకం వాళ్లకూ మారిషస్ బాగుంటుంది, తుపానులు ముదరకముందే వెళ్లి రావచ్చు. మీకు మారిషస్ అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

తేదీ పెట్టుకునే ముందు రెండిళ్ల పెద్దవాళ్లనూ అడుగు. సత్యనారాయణ వ్రతం ఎప్పుడు, పదహారు రోజుల పండుగ చేస్తారా, ఆషాఢానికి నిన్ను పుట్టింటికి ఎప్పుడు తీసుకెళ్తారు, ఈ మూడూ తెలియకుండా టికెట్లు కొంటే తేదీ మార్చడానికే వేలు పోస్తారు. పదహారు రోజుల పండుగకూ ఆషాఢానికీ మధ్య మీకు దొరికే వారాలే అసలైన సమయం. పెళ్లైన మూడో రోజే విమానం ఎక్కడం నాకు నచ్చదు. నిద్రలేమి, వేళకు తిండి లేకపోవడం, బంధువుల సందడి ఒళ్లు హూనం చేసి ఉంటాయి. జ్వరాలూ గొంతు నొప్పులూ రిసార్ట్‌కి చేరాకే బయటపడతాయి.

మారిషస్‌లో ఏ తీరంలో దిగుతారన్నది హోటల్ పేరుకన్నా ముఖ్యం. ద్వీపం పొడవు సుమారు 65 కిలోమీటర్లే అయినా ఒక తీరానికీ ఇంకో తీరానికీ గాలి, అలలు వేరు. మే చివరి నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయ గాలులు తూర్పు, దక్షిణ తీరాలను కొడతాయి. బెల్ మార్, ట్రూ డో డూస్ వైపు ఇసుక ఎంత తెల్లగా ఉన్నా, ఆ నెలల్లో సాయంత్రం బీచ్‌లో కూర్చుంటే కళ్లలో ఇసుక పడుతుంది, నీళ్లలోంచి లేస్తే చలి వేస్తుంది. రేట్లు తగ్గించి పిలిచే తూర్పు తీరపు రిసార్టులు అప్పుడే ఎక్కువ కనిపిస్తాయి, తొందరపడొద్దు. మీరు పడమర వైపు ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, లేదా వాయవ్యంలో ట్రూ ఓ బిష్, మాన్ ష్వాజీ చూడండి. కొండలు గాలిని ఆపుతాయి, లగూన్, అంటే పగడపు దిబ్బకు లోపలి లోతు తక్కువ నీళ్లు, ప్రశాంతంగా ఉంటుంది, సూర్యాస్తమయం కూడా ఆ వైపే. జూన్‌లో సాయంత్రం ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది, అది గుర్తుపెట్టుకుని రోజు మొదలుపెట్టాలి. దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర పగడపు దిబ్బకు గండి ఉంది, అలలు నేరుగా రాళ్లను కొడతాయి. అక్కడ చూడటమే, నీళ్లలో దిగడం కాదు.

విమానం సంగతికి వద్దాం. హైదరాబాద్ నుంచి మామూలుగా రెండు దారులు. ముంబయి మీదుగా వెళ్తే అక్కణ్ణుంచి ఆరు గంటలు పైచిలుకు. దుబాయ్ మీదుగా ఎమిరేట్స్‌లో వెళ్తే దుబాయ్‌కి సుమారు నాలుగు గంటలు, అక్కణ్ణుంచి ఆరున్నర. ముంబయి దారి దగ్గరే, కానీ జనం దెబ్బతినేది అక్కడే. చౌకగా వస్తుందని దేశీయ టికెట్ వేరుగా, అంతర్జాతీయ టికెట్ వేరుగా కొంటారు. అంతర్జాతీయ విమానం టెర్మినల్ 2 నుంచి ఎగురుతుంది, కొన్ని దేశీయ విమానాలు టెర్మినల్ 1 లో దిగుతాయి, అలాంటప్పుడు రెండింటి మధ్యా ఊరి రోడ్ల మీద వెళ్లాలి. సామాను తీసుకుని, మళ్లీ చెకిన్ చేయాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో కంపెనీవాళ్లకు సంబంధం లేదు, టికెట్ పోయినట్టే. కాబట్టి ఒకే టికెట్ మీద కొనండి. అలా కుదరకపోతే మధ్యలో కనీసం ఆరు గంటలు ఉంచండి, లేదా ముందురోజే ముంబయి చేరి పడుకోండి.

టికెట్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉండాలి. మనవాళ్లకు ఇంటిపేరు దగ్గరే చిక్కు వస్తుంది. ఒకరికి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఇంకొకరికి పేరులోనే కలిసిపోయి ఉంటుంది. పెళ్లి కదా అని నీ ఇంటిపేరు మార్చి కొత్త పాస్‌పోర్టుకి ఇప్పుడు పెట్టకు. పాత పేరుతోనే హాయిగా వెళ్లి రావచ్చు, మార్చుకోవాలనుకుంటే తిరిగొచ్చాక చూసుకో. పాస్‌పోర్టుకి తిరుగు ప్రయాణం తర్వాత ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోండి. విహారానికి వెళ్లే భారతీయులు ముందే వీసా తెచ్చుకోనక్కర్లేదు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, ఖర్చుకు డబ్బు ఉన్నట్టు రుజువు అడిగితే చూపాలి. మారిషస్ ప్రభుత్వ సైట్‌లో ఆల్ ఇన్ వన్ అనే డిజిటల్ ఫామ్ నింపాలి, దానికి డబ్బేమీ కట్టనక్కర్లేదు. డబ్బు అడిగితే అది ప్రభుత్వ సైట్ కాదు.

రిసార్ట్ గది కొనేటప్పుడు ‘సీ వ్యూ’ అన్న మాటను నమ్మకండి. బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే సముద్రం కనిపించినా దాన్ని సీ వ్యూ అనే అంటారు. ‘సీ ఫేసింగ్’ లేదా ‘బీచ్‌ఫ్రంట్’ అని రాసి ఉండాలి. ఏ అంతస్తు, రెండు మంచాలు కలిపి వేస్తారా, ఒకటే పెద్ద మంచమా అన్నది మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. హాఫ్ బోర్డ్ అంటే ఉదయం టిఫిన్, రాత్రి భోజనం. తాగేవి ఏవీ అందులో ఉండవు, చాలాచోట్ల రాత్రి భోజనంతో తాగే మంచినీళ్ల సీసాకు కూడా బిల్లు వేస్తారు. రోజంతా రిసార్ట్‌లోనే ఉండేవాళ్లకు తిండీ తాగేవీ అన్నీ కలిసిన ఆల్ ఇన్‌క్లూజివ్ లాభం. మూడు రోజులు బయట తిరిగేవాళ్లకు, మద్యం ముట్టనివాళ్లకు హాఫ్ బోర్డే చాలు. రాత్రి రెస్టారెంట్‌కి మగవాళ్లు నిక్కరు, చెప్పులతో వస్తే కొన్నిచోట్ల లోపలికి రానివ్వరు. అల్లుడుగారికి ఒక ప్యాంటు, బూట్లు పెట్టండి. శాకాహారం అని మాత్రమే చెబితే గుడ్డు వస్తుంది, చేపల రసం వస్తుంది, విడమరచి చెప్పండి.

కొత్త దంపతులకు మారిషస్ రిసార్టులు తగ్గింపు ఇస్తాయి, కొన్నిచోట్ల పెళ్లికూతురి బసకే రేటు బాగా తగ్గిస్తారు. అయితే ఆ రాయితీ పెళ్లైన ఆరు నెలల్లోపా, ఏడాదిలోపా అని షరతు ఉంటుంది, మ్యారేజ్ సర్టిఫికెట్ అడుగుతారు. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఆధార్, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి పెళ్లైన వారంలోనే వెళ్లండి. ఆ కాగితం తర్వాత ఎలాగూ కావాల్సిందే.

డబ్బు దగ్గర నాలుగు మాటలు. ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తాడు. అది పోయే డబ్బు కాదు, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. కాబట్టి రిటర్న్ వేసేవాళ్ల పాన్ మీదే బిల్లు రాయించండి. 2025 అక్టోబరు నుంచి మారిషస్‌లో మనిషికి రాత్రికి 3 యూరోల పర్యాటక రుసుము ఉంది, ఇద్దరికీ ఏడు రాత్రులకు 42 యూరోలు. ప్యాకేజీలో అది కలిపారో లేదో అడుగు. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ మన యూపీఐ, రూపే నడుస్తున్నాయి. అయినా ప్రతి దుకాణంలోనూ ఉంటుందని నమ్ముకోవద్దు, వెళ్లేముందే యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేసుకోండి. కార్డు గీసేటప్పుడు మెషీన్ భారత రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే వద్దనండి, స్థానిక కరెన్సీలోనే కట్టండి. రూపాయల్లో చూపించే రేటులో వాళ్ల లాభం కలిసి ఉంటుంది. ఇన్సూరెన్స్ టికెట్ కొన్న రోజే కొనండి, అప్పుడే రద్దుకు సంబంధించిన కవర్ ఆ రోజు నుంచి మొదలవుతుంది.

నగలు ఇంట్లో పెట్టి వెళ్లు. మెడలో ఉండాల్సింది ఉంటే చాలు. వేలి ఉంగరాలు, మెట్టెలు కాస్త వదులుగా ఉన్నా చల్లటి నీళ్లలో వేళ్లు సన్నబడి జారిపోతాయి, సముద్రంలో దిగేముందు తీసి గది లాకర్‌లో పెట్టు. పళ్లు, పూలు, తమలపాకులు, కరివేపాకు సూట్‌కేసులో పెట్టొద్దు, మొక్కలకు సంబంధించిన వాటి మీద అక్కడ నిబంధనలు గట్టివి. వేప్, అంటే ఈ-సిగరెట్, అసలు తేకూడదు. నిద్రమాత్రలు, బలమైన నొప్పి మాత్రల విషయంలో మారిషస్ చాలా కఠినం, కొన్నింటికి ముందస్తు అనుమతి కావాలి. ఎవరైనా వాడుతుంటే డాక్టర్ చీటీతో సహా ముందే విచారించండి. లగూన్‌లో ముళ్లున్న సీ అర్చిన్లు, రాళ్లలో కలిసిపోయే విషపు స్టోన్‌ఫిష్ ఉంటాయి. రబ్బరు అడుగున్న నీటి బూట్లు హైదరాబాద్‌లోనే కొనుక్కోండి. పొడుగు చేతుల స్విమ్మింగ్ టాప్ కూడా. స్నార్కెలింగ్‌లో తల నీళ్లలో ఉంటుంది, వీపు గంటసేపు ఎండలో కాలిపోతుంది. డెంగీ, చికున్‌గున్యా ఉన్న చోటు, దోమల క్రీము మరవొద్దు. ప్లగ్గులు ఎక్కువగా బ్రిటిష్ మూడు పలకల పిన్నులవి, అడాప్టర్ కావాలి.

ఇది నీకు మాత్రమే. పెళ్లి కోసం నెలసరి వాయిదా వేసే మాత్రలు వేసుకుంటే, హనీమూన్ దాకా వాటినే సొంతంగా పొడిగించకు. దూరపు విమాన ప్రయాణం ఉందని, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టే సమస్య ఉంటే ఆ సంగతీ డాక్టరమ్మకు చెప్పి అడుగు. కొత్తగా పెళ్లైన ఆడపిల్లలకు మూత్రంలో మంట రావడం చాలా మామూలు. నీళ్లు బాగా తాగు, కలయిక తర్వాత బాత్‌రూమ్‌కి వెళ్లడం అలవాటు చేసుకో, తడి స్విమ్ డ్రెస్‌తో గంటలు కూర్చోకు. గర్భం ఇప్పుడే వద్దనుకుంటే పెళ్లికి ఒక నెల ముందే డాక్టరమ్మను కలవాలి.

అక్కడికి చేరాక ఏడు రాత్రులకు మూడే తిరుగుళ్లు పెట్టుకోండి. ఒక రోజు నైరుతి వైపు షమరెల్ రంగుల మట్టి, జలపాతం, గంగా తలావ్ అనే పవిత్ర సరస్సు. ఆ మెట్ట ప్రాంతంలో తీరానికన్నా చల్లగా ఉండి చినుకులు పడుతుంటాయి, జాకెట్ ఉండాలి. ఇంకో రోజు ఇల్ ఓ సెర్ ద్వీపం లేదా కాటమరాన్ పడవ. డాల్ఫిన్ల వెంట పది పడవలు ఒకేసారి తరిమే యాత్ర నేను వద్దంటాను, ఆ జీవులకు ఊపిరాడనివ్వరు. మూడో రోజు, మామూలు పనిరోజున, పోర్ట్ లూయీ. బజారులో పప్పు పొడి కూరిన ధోల్ పూరీ తినండి. దగ్గర్లోనే వలస కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ ఉంది, యునెస్కో 2006లో గుర్తించింది. మన తీరం నుంచి వెళ్లినవాళ్ల మునిమనవలు ఇప్పటికీ అక్కడ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, ఉగాది అక్కడ జాతీయ సెలవు. ఆ ఘాట్ మెట్ల దగ్గర కాసేపు నిలబడండి. కారు అద్దెకు తీసుకుంటే మనలాగే ఎడమ వైపు డ్రైవింగ్, ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి. చీకటిపడ్డాక చెరకు తోటల మధ్య ఇరుకు రోడ్ల మీద వద్దు. ఆదివారం బీచ్‌లు స్థానిక కుటుంబాలతో నిండిపోతాయి, తీరం ఎక్కడైనా ప్రజలదే. ఆ రోజు రిసార్ట్‌లోనే ఉండండి.

స్కూబా చేస్తే చివరి డైవ్‌కీ తిరుగు విమానానికీ మధ్య కనీసం 18 గంటలు, కుదిరితే పూర్తి రోజు ఉండాలి. జలుబు ఉంటే డైవింగ్, హెల్మెట్ పెట్టి నీళ్లలో నడిపించే ఆట రెండూ మానేయండి, చెవి పోటు తట్టుకోలేరు. గది ఖాళీ చేసే వేళకూ విమానానికీ మధ్య చాలా గంటలుంటే స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి వేరే గది ఇస్తారా అని ముందే అడిగి పెట్టుకోండి.

రెండిళ్ల తేదీలు ఖాయం కాగానే మీ ఇద్దరి పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు నాకు పంపించు. టికెట్‌లో పేర్లు కొనేముందు నేనూ ఒకసారి సరిచూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ