ఫ్రీ మోషన్ క్విల్టింగ్‌లో దారం ఎందుకు తెగుతుంది? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: కుట్టు మిషను మీద చాలాకాలంగా బట్టలు కుడుతున్నాను. ఇటీవలే బొంత పొరలను కలిపి కుట్టే ఫ్రీ మోషన్ క్విల్టింగ్ మొదలుపెట్టాను. తిన్నగా కుట్టేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు గాని, బొంతను చేత్తో తిప్పుతూ తీగలు, పువ్వులు కుట్టబోతే పై దారం పదేపదే తెగిపోతోంది. టెన్షన్ (దారం బిగువు) పెంచి చూశాను, తగ్గించి చూశాను, దారం కూడా మార్చాను. మిషను పాడైందని అనుకోవాలా?

సమాధానం: తిన్నని కుట్టు చక్కగా పడుతున్నదంటే మిషను పాడైందని తొందరపడి నిర్ణయించుకోకండి. మామూలు కుట్టులో గుడ్డను జరిపే పని ఫీడ్ డాగ్ అనే పళ్ళది. ఒక్కో కుట్టుకూ గుడ్డ ఎంత జరగాలో, ఎప్పుడు జరగాలో అవే చూసుకుంటాయి. సూది గుడ్డలో దిగి ఉన్నంతసేపూ గుడ్డను కదపవు. ఫ్రీ మోషన్‌లో ఆ పళ్ళను కిందికి దించేసి, వాటి పనిని మన చేతులకు అప్పగిస్తాం. సూది ఏ క్షణాన పైన ఉన్నదో, ఏ క్షణాన గుడ్డలో ఉన్నదో చేతులకు తెలియదు కనుక, సూది గుడ్డలో ఉన్నప్పుడు కూడా బొంత కదులుతూనే ఉంటుంది, ఆ కదలికకు సూది కొద్దిగా వంగుతూనే ఉంటుంది. దీనికి తోడు దారానికి ఎప్పుడూ ఉండే కష్టం మరొకటి ఉన్నది. మిషను అడుగున పై దారాన్ని పట్టుకునే షటిల్ హుక్, కింద దారం చుట్టి ఉండే బాబిన్ చుట్టూ తిప్పడానికి తీసుకునే దారం ఒక కుట్టుకు ఖర్చయ్యే దారం కన్నా చాలా ఎక్కువ; మిగిలినదంతా మిషను ముందువైపు పైకీ కిందికీ ఆడే టేకప్ లీవర్ మళ్ళీ పైకి లాగేసుకుంటుంది. అంటే దారంలోని ప్రతి చిన్న భాగమూ కుట్టులో కుదురుకునే లోపల సూది బెజ్జంలో ఎన్నోసార్లు రాసుకుంటూ పైకీ కిందికీ తిరుగుతుంది. తిన్నని కుట్టులో ఆ రాపిడిని తట్టుకునే దారమే, వంగే సూది తోడయ్యేసరికి తట్టుకోలేకపోతుంది.

అందుచేత ముందుగా టెన్షన్ నాబ్ మీద నుంచి చెయ్యి తీయమని కోరుతున్నాను. దారం తెగిన ప్రతిసారీ ఆ నాబ్‌నే తిప్పడం చాలామందికి అలవాటు. అసలు కారణం మరోచోట ఉన్నప్పుడు అలా తిప్పడం వల్ల రెండో సమస్య పుడుతుందే తప్ప మొదటిది తీరదు. దారం తెగగానే దాని కొనను వెలుతురులో పెట్టి చూడండి. కొన పోగులు పోగులుగా విడిపోయి కుచ్చులా ఉంటే అది రాపిడి వల్ల తెగింది. సూదినో, సూది ప్లేటునో, హుక్‌నో అనుమానించాలి. విడిపోకుండా ఒక్కసారిగా పుటుక్కున తెగినట్లుంటే దారం ఎక్కడో చిక్కుకుని, ఉన్నట్టుండి లాగుడు పడింది. అప్పుడు రీలు దగ్గర నుంచి సూది వరకు ఉన్న దారిని చూడాలి. తెగిన చోటు సూదికి బాగా పైన ఉంటే ఆ దారిలోనే ఏదో అడ్డుపడుతోందని ఇంకా గట్టిగా అనుకోవచ్చు.

మీరు చెప్పినదాన్ని బట్టి నేను మొట్టమొదట సూదినే మార్చమంటాను. బట్టలు కుట్టే మామూలు యూనివర్సల్ సూది బెజ్జం చిన్నది. దాని స్థానంలో టాప్‌స్టిచ్ సూది వేయండి. దాని బెజ్జం పొడవుగా ఉంటుంది, ముందువైపు దారం ఒదిగే గాడి లోతుగా ఉంటుంది, కనుక రాపిడి బాగా తగ్గుతుంది. 50 నంబరు దారానికి 80/12 సూది, 40 నంబరు దారానికి 90/14 సూది, 30 గాని అంతకన్నా లావుగా ఉండే దారానికి 100/16 సూది సాధారణంగా సరిపోతాయి. దారం నంబరు పెరిగేకొద్దీ దారం సన్నమవుతుంది. సూది నంబరు పెరిగేకొద్దీ సూది లావవుతుంది. 90 సూది కాడ మందం 0.9 మిల్లీమీటర్లు. లావు సూది గుడ్డలో పెద్ద రంధ్రం చేస్తుందని కొందరు సన్న సూదిని ఎంచుకుంటారు. క్విల్టింగ్‌లో ఆ రంధ్రం దారానికి మేలే చేస్తుంది, పైగా లావు సూది అంత తేలికగా వంగదు. ఉతికితే రంధ్రాలు చాలావరకు పూడిపోతాయి కనుక ఈ విషయంలో సంకోచం అక్కరలేదు.

సూదికీ దారానికీ జోడీ కుదిరిందో లేదో మిషనుకు ఎక్కించకముందే తెలుసుకోవచ్చు. జానెడు దారాన్ని విడి సూదిలోకి ఎక్కించి, రెండు కొనలూ పట్టుకుని ఏటవాలుగా బిగించి ఉంచండి. సూది తనంతట తానే కిందికి జారితే బెజ్జం చాలినంత ఉన్నట్టు. మధ్యలో ఆగిపోతే పెద్ద సూది కావాలన్నమాట. ఇక సూది వయసు. ఎనిమిది గంటల కుట్టు పని తరువాత సూది మార్చడం మంచిదని క్విల్టింగ్ చేసేవారు సాధారణంగా పాటించే లెక్క. పొరలను జిగురు స్ప్రేతో అతికించి ఉంటే అంతకన్నా ముందే మార్చవలసి రావచ్చు, ఎందుకంటే ఆ జిగురు సూదికి అంటి దారాన్ని పట్టేస్తుంది. సూది బిగించేటప్పుడు పూర్తిగా పైవరకు తోసి, చదునైన వైపు మీ మిషను పుస్తకం చెప్పిన దిక్కుకే ఉండేలా చూడండి. ఎక్కువ ఇంటి మిషన్లలో అది వెనకవైపు.

తరువాత దారం ఎక్కించే పద్ధతి. గుడ్డను నొక్కిపట్టే ప్రెషర్ ఫుట్ పైకెత్తి ఉన్నప్పుడే దారం ఎక్కించాలి. ఫుట్ దించి ఉంటే, దారానికి బిగువునిచ్చే టెన్షన్ బిళ్ళలు మూసుకుపోయి, దారం వాటి మధ్యకు వెళ్ళకుండా పైపైనే ఉండిపోతుంది. ఎక్కించాక సూది దగ్గర దారాన్ని లాగి చూడండి: ఫుట్ పైకి ఉన్నప్పుడు తేలికగా రావాలి, దించగానే బిగువు తెలియాలి. ఆ తేడా తెలియకపోతే మళ్ళీ మొదటి నుంచి ఎక్కించండి. కుట్టేటప్పుడు ఫుట్ దించడం మరచిపోవడం కూడా ఫ్రీ మోషన్‌లో తరచుగా జరుగుతుంది, ఎందుకంటే ఈ పనికి వాడే డార్నింగ్ ఫుట్ దించినా గుడ్డను గట్టిగా నొక్కదు కనుక దించామో లేదో చేతికి తెలియదు.

రీలు సంగతి చిన్నదే గాని, పుటుక్కున తెగే దారాలకు ఎక్కువసార్లు కారణం అదే. దారం ఒకదాని పక్కన ఒకటి వరుసగా చుట్టిన రీలును నిలువు కడ్డీ మీద పెట్టి, రీలు తిరుగుతూ పక్క నుంచి దారం వచ్చేలా చూడాలి. ఏటవాలుగా ఒకదాని మీదుగా ఒకటి పోయేలా చుట్టిన రీలును అడ్డ కడ్డీ మీద పెట్టి, కొన మీదుగా దారం రానివ్వాలి. దారం కొన దాచడానికి రీలు అంచున కోసి ఉంచిన గాటులో నడుస్తున్న దారం తగులుకుంటూ ఉంటుంది. గాటు ఉన్న అంచు దారం వచ్చే వైపు లేకుండా రీలును తిప్పి పెడితే ఆ బెడద తప్పుతుంది. పెద్ద కోన్ దారానికి మిషను వెనక విడి స్టాండు పెట్టుకోవడం ఉత్తమం.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తెగుతున్నదంటే, ఇక చేతులకూ పెడల్‌కూ మధ్య పొత్తు చూసుకోవాలి. నా అభిప్రాయంలో అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదే. మిషను నిమిషానికి 600 కుట్లు వేస్తున్నదనుకోండి, అంటే సెకనుకు 10 కుట్లు. అంగుళానికి 10 కుట్లు పడాలంటే మీ చేతులు సెకనుకు ఒక అంగుళం చొప్పున, ఆగకుండా, ఒకే తీరుగా కదలాలి. మలుపుల దగ్గర చాలామంది చేతులు తెలియకుండానే వేగం పుంజుకుంటాయి. అప్పుడు కుట్లు పొడవై, సూది వంగి, దారం ఒరుసుకుని తెగుతుంది. కొసల దగ్గర చేతులు ఆగి మిషను మాత్రం నడుస్తుంటే ఒకేచోట కుట్లు పేరుకుని, సూది అప్పటికే వేసిన దారంలోకే దిగి దాన్ని చీలుస్తుంది. ఆగాలనుకున్నప్పుడు చేతులూ పాదమూ ఒకేసారి ఆగాలి, సూది గుడ్డలో దిగి ఉండాలి. మిషనులో గరిష్ఠ వేగాన్ని తగ్గించే మీట ఉంటే దాన్ని మధ్యలో ఉంచి, పెడల్‌ను స్థిరంగా తొక్కండి. అప్పుడు చేతులు ఆ వేగానికి అలవాటు పడతాయి.

బొంత బరువును కూడా మరచిపోకండి. బల్ల అంచు నుంచి వేలాడుతున్న బొంత మీరు కదపకపోయినా సూదిని తనవైపు లాగుతూనే ఉంటుంది. మిషనుకు ఎడమ పక్కన, వెనక బల్ల ఉండేలా అమర్చుకుని, మొత్తం బొంతను దాని మీదకు చేర్చండి. సూది చుట్టూ మీ రెండు చేతులు పట్టేంత మేర మాత్రం చదునుగా, వదులుగా ఉంచుకుని, మిగిలినదాన్ని కుప్పగా పోసుకోవచ్చు. పట్టు జారని చేతి తొడుగులు వేసుకుంటే బొంతను నొక్కిపట్టే అవసరం తగ్గి, కదలిక సాఫీ అవుతుంది.

టెన్షన్ గురించి చివరకు చెప్పడంలో ఉద్దేశం ఉన్నది. పైన చెప్పినవన్నీ సరిచేశాక, బొంతలో వాడినదే గుడ్డ, అదే దూది పొరతో చేసిన చిన్న ముక్క మీద కుట్టి చూస్తూ, పై టెన్షన్‌ను ఒక్కో అంకె చొప్పున తగ్గించండి. ఫ్రీ మోషన్‌లో మామూలు కన్నా కాస్త తక్కువ టెన్షన్ సరిపోవడం సర్వసాధారణం. కింద దారం పైకి చుక్కలుగా కనబడితే పై టెన్షన్ ఇంకా ఎక్కువగా ఉన్నట్టు. అడుగువైపు మలుపుల దగ్గర మాత్రమే కనురెప్పల వెంట్రుకల్లా దారపు ఉచ్చులు కనబడితే, టెన్షన్ పెంచేముందు చేతుల వేగం తగ్గించి చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు మూడు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ప్రశ్న: నా మిషను మీద బొంతను ఒక దిక్కుకు కదిపినప్పుడే దారం చీలుతుంది. మిగిలిన దిక్కుల్లో ఎంతసేపు కుట్టినా ఏమీ కాదు. ఇదేమిటి?

సమాధానం: ఒకే దిక్కున తెగడం మంచి ఆధారం. బొంత ఎటు కదిలితే సూది అటు వంగి, ప్లేటులోని రంధ్రం అంచుకు దారాన్ని నొక్కుతుంది. ఎప్పుడో సూది తగిలి ఆ అంచున గాటు పడి ఉంటే దారం అక్కడే చీలుతుంది. మిషను స్విచ్చి ఆపి, ప్లేటు ఊడదీసి, పాత నైలాన్ మేజోడును రంధ్రం అంచు చుట్టూ తిప్పి చూడండి. కంటికి కనబడని గరుకు కూడా దాని పోగులను పట్టేస్తుంది. చిన్న గరుకైతే అతి నున్నని ఎమరీ గుడ్డతో మెల్లగా రుద్ది పోగొట్టవచ్చు, లోతైన గాటైతే ప్లేటు మార్చడమే మేలు. ఇదే పరీక్ష డార్నింగ్ ఫుట్ లోపలి అంచుకు కూడా చేయండి. హుక్ కొన మీద గాటు కనబడితే మాత్రం స్వయంగా రుద్దకుండా మెకానిక్‌కు చూపించండి, ఎందుకంటే ఆ కొన ఆకారం కాస్త మారినా కుట్లు తప్పిపోతాయి.

ఏ గాటూ లేకపోతే సూది వంగడం వల్ల హుక్ కొనకూ సూదికీ మధ్య ఎడం మారుతున్నదని అర్థం. సూది అట్టడుగుకు వెళ్ళి కొంచెం పైకి లేచే సమయానికి వెనకవైపు దారం చిన్న ఉచ్చుగా విచ్చుకుంటుంది. హుక్ కొన ఆ ఉచ్చులోకే దూరాలి. సూది పక్కకు జరిగితే కొన ఉచ్చును తప్పిపోతుంది, లేదా దారం మధ్యలో గుచ్చి చీలుస్తుంది. ఒక నంబరు లావు సూది వేసి, ఆ దిక్కున వేగం తగ్గించి కుట్టండి. సూదితో పాటు గుడ్డ కూడా పైకి లేస్తున్నదేమో గమనించండి. అలా లేస్తే ఉచ్చు సరిగ్గా ఏర్పడదు కనుక ఫుట్ ఎత్తును కాస్త తగ్గించాలి.

ప్రశ్న: జరీ మెరుపుండే మెటాలిక్ దారంతో క్విల్టింగ్ చేయడం సాధ్యమేనా? నాలుగు కుట్లు పడేలోపల తెగుతోంది.

సమాధానం: సాధ్యమే, కాకపోతే ఓపిక కావాలి. ఇలాంటి దారాల్లో చాలావాటికి లోపలి పేట మీద సన్నని లోహపు పొర చుట్టి ఉంటుంది. రాపిడికి ఆ పొర ఊడి బెజ్జం దగ్గర పోగవుతుంది, ఆ తరువాత దారం తెగుతుంది. మెటాలిక్ దారం కోసమే చేసిన సూది గాని, 90/14 టాప్‌స్టిచ్ సూది గాని వేసి, పై టెన్షన్‌ను బాగా తగ్గించి, బాబిన్‌లో సన్నని నున్నని పాలియెస్టర్ దారం వాడండి. దారం రీలు నుంచి మెలికలు పడి వస్తుంటే స్టాండును మిషనుకు దూరంగా పెట్టండి. ఆ దూరంలో మెలికలు విడిపోతాయి. వేగం సగానికి తగ్గించాలి. కుట్లు దట్టంగా వచ్చే నమూనాలు ఈ దారానికి తగవు, విశాలమైన వంపులకే దీన్ని ఉంచుకోండి.

ప్రశ్న: అమ్మమ్మ దాచిన పాత నూలు దారపు రీళ్ళు ఉన్నాయి. వాటిని వాడవచ్చా?

సమాధానం: మిషను క్విల్టింగ్‌కు వద్దు. వెలుతురు తగిలి, ఏళ్ళు గడిచిన నూలు దారం పైకి బాగానే కనబడినా సత్తువ కోల్పోతుంది. రెండు చేతులతో పట్టి లాగితే కొత్త దారం సాగి నిలబడుతుంది, పాతది తేలికగా తెగుతుంది. చేతి కుట్టు కోసం మైనం లాంటి పూత పూసిన దారాన్ని కూడా మిషనులో ఎక్కించకూడదు. ఆ పూత టెన్షన్ బిళ్ళల మధ్య పేరుకుపోతుంది.

ప్రశ్న: ఎంత జాగ్రత్తపడినా నమూనా మధ్యలో దారం తెగితే, అతుకు కనబడకుండా మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి?

సమాధానం: ముందు బాబిన్ కేసు తీసి, షటిల్ చుట్టూ తెగిన దారపు ముక్కలేమైనా చిక్కుకున్నాయేమో చూసి, దూది నూగును బ్రష్‌తో తుడవండి. మీ మిషనుకు నూనె వేయవచ్చని పుస్తకంలో ఉంటే హుక్ దగ్గర ఒక్క చుక్క వేయండి. తరువాత బొంత మీద చివరి కుట్లు విప్పుకుంటూ, నమూనాలో మలుపుగాని కొసగాని ఉన్న చోటి వరకు వెనక్కి వెళ్ళండి. తిన్నని గీత మధ్యలో కన్నా అక్కడ అతుకు తక్కువ కనబడుతుంది. విప్పగా మిగిలిన పై, కింద దారాలను ముడివేసి, చేతి సూదితో దూది పొరలోకి దూర్చి కత్తిరించండి.

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఫుట్ దించి, చక్రాన్ని చేత్తో తిప్పి సూదిని సరిగ్గా ఆఖరి రంధ్రంలోకే దించండి. ఒక్క కుట్టు వేసి పై దారాన్ని లాగితే బాబిన్ దారం ఉచ్చుగా పైకి వస్తుంది. రెండు దారాల కొనలనూ ఒక చేత్తో పట్టుకుని ఉండి, మూడు నాలుగు కుట్లు చాలా చిన్నవిగా వేసి, ఆ తరువాతే మామూలు పొడవుకు రండి. కొనలు పట్టుకోకుండా మొదలుపెడితే అవి కిందికి పోయి షటిల్‌లో చిక్కుపడి, దారం వెంటనే మళ్ళీ తెగుతుంది.