రెండు యాంటీవైరస్‌లు, ఆరు నిమిషాల ఎదురుచూపు

ప్రశ్న: పిల్లల చదువుకి, రొయ్యల చెరువు లెక్కలకి మా ఇంట్లో ఒకటే కంప్యూటర్. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. ఆన్ చేశాక ఆరు నిమిషాలకి గానీ మౌస్ కదలదు. భయంకొద్దీ రెండు యాంటీవైరస్‌లు వేయించాం. అయినా ఎందుకిలా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: అయినా కాదండీ, అందుకే! మీరు తెరిచే ప్రతి ఫైలునీ యాంటీవైరస్ ముందు తను చదువుతుంది. రెండుంటే రెండూ చదువుతాయి, పైగా ఒకదాన్ని మరొకటి అనుమానిస్తుంది. ఆన్ అవగానే లేచే స్టార్టప్ ప్రోగ్రాములూ ఆ డిస్క్ మీదే పడతాయి. రేవులో ఒక్క పంటు కోసం బళ్లన్నీ ఒకేసారి వచ్చినట్టే.

సెట్టింగ్స్, యాప్స్‌లోకి వెళ్లి ఒకటి అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. రెండూ తీసేసినా మామూలుగా విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, విండోస్ డిఫెండర్, తనంతట తానే కాపలాకి వస్తుంది. ఇంటి వాడకానికి అది చాలు. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిచి, చాటింగ్, గేమ్, అప్‌డేటర్ లాంటివాటిని రైట్ క్లిక్‌తో డిజేబుల్ చేయండి. ప్రోగ్రాము ఎక్కడికీ పోదు, మీరు పిలిచినప్పుడే వస్తుంది. సౌండ్, టచ్‌ప్యాడ్ పేర్లున్నవి మాత్రం కదపొద్దు. స్పీడు పెంచే 'క్లీనర్' వేస్తామని ఎవరన్నా వద్దనండి, అదీ మరో స్టార్టప్ ప్రోగ్రామే.

ఆన్ చేసి పావుగంటైనా పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటే, ర్యామ్ కన్నా ముందు, పాత హార్డ్ డిస్క్ బదులు దానికన్నా చాలా వేగంగా పనిచేసే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించండి. విండోస్ 10కి మామూలు ఉచిత సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ మెషీన్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో ఆ డబ్బు పెట్టకముందే చూపించుకోండి.