తప్పు మనది కానప్పుడు అద్దె కారు డబ్బులు ఎవరిస్తారు?

అమెరికా వచ్చిన రెండో ఏడు, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న నా కారును వెనక నుంచి ఒకతను గుద్దేశాడు. డిక్కీ నొక్కుకుపోయి సగమే మూసుకునేది, తాడుతో కట్టి ఇంటికి తెచ్చుకున్నాను. తప్పు అతనిదేనని పోలీసు రిపోర్టులోనే ఉంది కదా, రేపో ఎల్లుండో అద్దె కారు ఇచ్చేస్తారని ధీమాగా కూర్చున్నాను. తొమ్మిది రోజులు పట్టింది. ఫోన్ చేసిన ప్రతిసారీ అతని ఇన్సూరెన్స్ కంపెనీది ఒకటే మాట: "మా కస్టమర్‌తో ఇంకా మాట్లాడలేదు."

అప్పటిదాకా నాకు తెలియనిది ఇదే. పోలీసు రిపోర్టులో ఏముందన్నది అవతలి కంపెనీకి ఒక ఆధారం మాత్రమే. తప్పు తమవాడిదేనని వాళ్లు ఒప్పుకునేదాకా మామూలుగా అద్దె డబ్బు కదలదు. అందుకే ముందు మీ పాలసీ తీసి చూడండి. రెంటల్ రీయింబర్స్‌మెంట్ (మీ కారు రిపేరులో ఉన్నప్పుడు అద్దె కారు ఖర్చు ఇచ్చే కవరేజ్) అనే వరుస ఉంటే టెన్షన్ లేదు, మీ కంపెనీలోనే క్లెయిమ్ పెట్టండి. రోజుకు 30 నుంచి 50 డాలర్ల వరకు, 30 రోజులు మించకుండా ఇచ్చే పాలసీలే ఎక్కువ. రిపేరు కూడా వాళ్ల ద్వారానే చేయిస్తే మొదట మీ డిడక్టిబుల్, అంటే రిపేరు ఖర్చులో మీ వాటా, కట్టాలి. తర్వాత మీ కంపెనీ అవతలి వాళ్ల దగ్గర వసూలు చేసినప్పుడు అది వెనక్కి వస్తుంది. ఫుల్ కవరేజ్ తీసుకున్నాం కదా అని ఊరుకోకండి, ఈ కవరేజ్ విడిగా అడిగి తీసుకోవాల్సిందే. నెలకు కొద్ది డాలర్లు మిగులుతాయని దీన్ని తీసేసే పిల్లలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆ కవరేజ్ లేకపోతే మీరే అద్దెకు తీసుకుని తర్వాత ఆ డబ్బు అవతలి కంపెనీని అడగొచ్చు. రసీదులన్నీ దాచండి. మీది సెడాన్ అయితే సెడానే తీసుకోండి, పెద్ద ఎస్‌యూవీ తీసుకుంటే తేడా మీ మీద పడుతుంది. కౌంటర్‌లో డ్యామేజ్ వేవర్ (అద్దె కారు దెబ్బతింటే ఆ ఖర్చు మీ మీద పడకుండా కట్టే అదనపు రుసుము) తీసుకుంటారా అని తప్పకుండా అడుగుతారు. దాని ఖర్చు అవతలి కంపెనీలు సాధారణంగా ఇవ్వవు. మీ పాలసీలో కొలిజన్ (గుద్దుకున్నప్పుడు మీ కారు రిపేరుకు ఇచ్చే కవరేజ్) ఉంటే అది అద్దె కారుకూ వర్తిస్తుందేమో, కౌంటర్ దగ్గరికి వెళ్లకముందే మీ కంపెనీని కనుక్కోండి. డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డు వెంట ఉండాలి, డెబిట్ కార్డుతో చాలా చోట్ల తిప్పలు.

రాష్ట్రాన్ని బట్టి లెక్క మారుతుంది. కాలిఫోర్నియాలో తాము ఇతరుల ఆస్తికి చేసే నష్టానికి ప్రతి డ్రైవరుకూ ఉండాల్సిన కనీస కవరేజ్ చాలా ఏళ్లు 5,000 డాలర్లే, 2025 జనవరి నుంచి 15,000 అయింది. గుద్దినవాడికి ఆ కనీసమే ఉంటే, మీ కారు రిపేరూ అద్దే రెండూ అందులోంచే రావాలి. మిషిగన్‌లో పద్ధతే వేరు, అక్కడ తప్పు ఎవరిదైనా చాలావరకు మీ కారు మీ పాలసీతోనే బాగుచేయించుకోవాలి.

ఇక కారు టోటల్ లాస్ (బాగుచేయించడం దండగ, కారు విలువే ఇచ్చేస్తాం) అన్నారా, ఇంకా జాగ్రత్త. సెటిల్‌మెంట్ ఆఫర్ ఇచ్చాక కొద్ది రోజుల్లోనే అద్దె ఆపేస్తారు, మీరు కొత్త కారు కొన్నా కొనకపోయినా. అద్దెకు ఆఖరి తేదీ ఏదో అడ్జస్టర్‌ను (మీ క్లెయిమ్ చూసే ఇన్సూరెన్స్ ఉద్యోగిని) అడిగి, ఈమెయిల్‌లో రాయించుకోండి.